అన్నయ్య టికెట్లు కొనేశాడు, మా బోటు ఇంకా చెసాపీక్‌లోనే ఉంది

ఈసారి ఉత్తరం రాసినావిడ, వాళ్లాయన ఉద్యోగాలకు ఒక ఏడాది సెలవు చెప్పి, 37 అడుగుల బోటులో గ్రేట్ లూప్ చేస్తున్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అమెరికా తూర్పు సగాన్ని చుట్టి వచ్చే నీటి దారి అది. ఫ్లోరిడా నుంచి తీరం వెంట పైకి వెళ్లి, హడ్సన్ నది, ఈరీ కాలువ, గ్రేట్ లేక్స్, చికాగో, అక్కణ్నుంచి నదుల మీదుగా కిందికి దిగి మళ్లీ ఫ్లోరిడా. దాదాపు 6,000 మైళ్లు. చాలామంది ఏడాది తీసుకుంటారు. వీళ్లు మార్చిలో బయలుదేరారు. ఉత్తరం రాసేనాటికి, అంటే మే రెండో వారానికి, చెసాపీక్ అఖాతం ఒడ్డున అనాపొలిస్‌లో ఉన్నారు. గాలుల వల్ల కొంత, ఇంజన్‌కి నీళ్లు తోడే పంపు పాడై కొంత, అనుకున్న దానికంటే వెనకబడ్డారు.

బయలుదేరే ముందు ఉత్సాహంలో ఈవిడ చుట్టాలందరినీ "రండి, దారిలో కలుద్దాం, అన్నీ చూద్దాం" అని పిలిచేశారు. ఏప్రిల్‌లో ఆడపడుచు కుటుంబం సవానాలో బోటెక్కింది. వాళ్ల తిరుగు విమానం చార్ల్‌స్టన్ నుంచి. గాలి బాగా ఉంది, ఆ రోజు కదలొద్దని వాళ్లాయన అన్నారు. విమానం పోతుందని వీళ్లంతా బలవంతపెడితే బయలుదేరారు. సముద్రానికి తెరుచుకుని ఉండే పోర్ట్ రాయల్ సౌండ్ దాటేటప్పుడు అలలకి పాప వాంతులు చేసుకుంది, ఎవరో తాడు అడ్డంగా వదిలేస్తే ఈయన అందరి ముందూ గట్టిగా అరిచారు, ఆడపడుచు మొహం మాడ్చుకుని దిగి వెళ్లిపోయింది. ఇప్పుడు అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు జూన్ 10 నుంచి వారం రోజులకి న్యూయార్క్ టికెట్లు కొన్నారు. న్యూయార్క్‌లో బోటెక్కి ఆల్బనీలో దిగుతారట. ఆగస్టులో అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి న్యూజెర్సీలో ఉన్న ఆడపడుచు ఇంటికి వస్తున్నారు. మామయ్యగారికి బోటులోంచి నయాగరా చూడాలని, తర్వాత చికాగో చూడాలని కోరిక. అత్తయ్యకి నీళ్లంటే భయం, మామయ్యకి మోకాళ్ల నొప్పులు. "వాళ్ల తేదీల కోసం నేను బోటు పరిగెత్తించను, ఇది బస్సు కాదు" అని వాళ్లాయన తేల్చేశారు. "నేనే పిలిచాను, నేనే వద్దనాలా? ఎవరూ రాకపోతే ఈ ఏడాదంతా మేమిద్దరమే" అని ఈవిడ.

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయానమ్మా. ఉత్తరమంతా తేదీల గురించి, టికెట్ల గురించి రాశారు గానీ, మీ బాధ అక్కడుంది. ఇల్లు వదిలి, స్నేహితుల్ని వదిలి, రోజంతా ఒకే మనిషి మొహం చూస్తూ నెలల తరబడి నీళ్ల మీద ఉండటం అందరూ ఫొటోల్లో చూసినంత హాయిగా ఉండదు. మనవాళ్లు రావాలని అనిపించడంలో తప్పేమీ లేదు. కాబట్టి అందర్నీ రావొద్దని చెప్పేసి ఊరుకోండి అనే సలహా నేను ఇవ్వను. దానివల్ల మీవారికి ప్రశాంతత దొరుకుతుందేమో గానీ, మీరు ఆగస్టుకల్లా ఈ బోటునే అసహ్యించుకుంటారు.

అయితే చార్ల్‌స్టన్ విషయంలో మీవారిదే న్యాయం. అరవడం తప్పే, దానికి ఆయన చెల్లెలికి ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. కానీ కదలొద్దని ఆయన ముందే అన్నది సరైన మాట. బోటు ప్రయాణాల్లో జరిగే చెడ్డ నిర్ణయాల్లో చాలావాటి వెనక ఒక విమానం టికెట్టో, ఒక పెళ్లి తేదీయో, ఎక్కడో ఎదురు చూస్తున్న చుట్టమో ఉంటారు. పాతవాళ్లు కొత్తవాళ్లకి మొదట చెప్పేదే ఇది: వచ్చేవాళ్లకి తేదీ అయినా చెప్పండి, చోటు అయినా చెప్పండి, రెండూ కలిపి చెప్పొద్దు. ఫలానా రోజుల్లో వస్తామంటే, "సరే, ఎక్కడికి రావాలో వారం ముందు చెబుతాం" అనాలి. ఫలానా ఊళ్లోనే కలవాలంటే, "మేం అక్కడికి చేరాక కబురు చేస్తాం" అనాలి. మీరు ఆడపడుచుకి రెండూ ఇచ్చారు. అన్నయ్యకీ రెండూ ఇచ్చారు. మామయ్యగారికైతే దారిలోనే లేని చోటు కూడా ఇచ్చేశారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు అన్నయ్య. ఇక్కడ మీ అదృష్టం ఏమిటంటే, ఆయన పట్టుకున్న తేదీ కష్టమైనదే గానీ చోటు మాత్రం చాలా సులువైనది. హడ్సన్ నది తూర్పు గట్టు పొడవునా రైలు పట్టాలున్నాయి. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ నుంచి పొకిప్సీ దాకా మెట్రో-నార్త్ లోకల్ రైళ్లు తిరుగుతాయి, రెండు గంటల దారి. ఆ పైన ఆల్బనీ దాకా ఆమ్‌ట్రాక్ దూరప్రయాణ రైలు ఉంది. అంటే నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఆల్బనీ పక్కనున్న ట్రాయ్ దాకా ఉన్న 150 మైళ్లలో మీ బోటు ఎక్కడున్నా మీ అన్నయ్యవాళ్లు హోటల్ నుంచి పొద్దున లేచి రైలెక్కి మీ దగ్గరికి రాగలరు. బోటు వాళ్ల కోసం పరిగెత్తక్కర్లేదు, వాళ్లే బోటుని వెతుక్కుంటూ వస్తారు. క్రోటన్-హార్మన్‌లో మెరీనా (బోట్లు కట్టేసుకునే రేవు) నుంచి స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. పొకిప్సీలో స్టేషన్ నది పక్కనే, అక్కడే 1889 నాటి పాత రైలు వంతెనని నడిచేదారిగా మార్చి 2009లో తెరిచారు, మైలుంబావు పొడవు, నీళ్ల మీద 212 అడుగుల ఎత్తు. పిల్లలు పైనుంచి, మీరు కింద బోటులోంచి ఒకళ్లకొకళ్లు చేతులు ఊపుకోవచ్చు. రైల్లో పైకి వచ్చేటప్పుడు ఎడమ పక్క కిటికీ సీట్లు పట్టుకోమనండి, నదంతా అటువైపే. ఒక్కటి గుర్తుంచుకోండి, మీరు పడమటి గట్టు మీద, కింగ్‌స్టన్ లాంటి చోట కట్టేస్తే వాళ్లకి రైలు దిగాక టాక్సీ కావాలి, వంతెన దాటి రావాలి. ఆ సంగతి ముందే చెప్పకపోతే స్టేషన్లో పిల్లలతో నిలబడి మీకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

ఇది కాకుండా ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, న్యూయార్క్ ఎదురుగా మెరీనాలో వారం బోటు కట్టేసి, మీరూ వాళ్లతో కలిసి ఊరు చూడటం. సిటీ చూడటానికి ఇంతకంటే మంచిది లేదు, కానీ ఆ చుట్టుపక్కల మెరీనాలు ఖరీదు, ఫెర్రీలు పోయినప్పుడల్లా కట్టేసిన బోటు కూడా ఊగుతూనే ఉంటుంది, పైగా పిల్లలు బోటు కదలగా చూడకుండానే వెళ్లిపోతారు. రెండోది అన్నయ్య అడిగినట్టే వారమంతా బోటులో. ఇది కుదరదని కాదు. ఆరుగురికి ఒకటే బాత్రూమ్, టాయిలెట్ ట్యాంకు నిండితే పంపుతో ఖాళీ చేయించే చోటు వెతుక్కోవాలి, ఏ పేపరు వేయొచ్చో ఏది వేయకూడదో ప్రతి ఒక్కళ్లకీ చెప్పాలి, స్నానం నీళ్లు లెక్క పెట్టుకోవాలి. వర్షం పడితే అందరూ ఒక గదిలో. మీ వదినగారు సర్దుకుపోయే మనిషి అయితే మూడో రోజు దాకా సరదాగానే ఉంటుంది. నాలుగో రోజు ఏమవుతుందో మీకు ఏప్రిల్‌లోనే తెలిసింది. చుట్టాలు రాత్రి హోటల్లో పడుకుని పగలు బోటుకి రావడం మర్యాద తక్కువ కాదు. ఇంట్లో ఖాళీ గదులు పెట్టుకుని హోటల్‌కి పంపితే తప్పు గానీ, గదులే లేనిచోట దాచిపెట్టడానికేముంది.

పిల్లలకి బోటు కదలగా చూపించాలంటే నేనైతే ఒకే ఒక రోజు ఎంచుకుంటాను, వాటర్‌ఫర్డ్‌లో. ఈరీ కాలువ మొదలయ్యేది అక్కడే, ఆల్బనీ నుంచి కారులో అరగంటలోపే. రెండు మైళ్ల లోపు దూరంలో వరసగా ఐదు లాకులు, అంటే నీళ్లు నింపి బోటుని పైకి తేల్చే తలుపుల గదులు, మిమ్మల్ని 169 అడుగులు పైకి ఎత్తుతాయి. లోపలికి వెళ్లగానే వెనక తలుపులు మూసుకుంటాయి, పక్కన పాచి పట్టిన గోడ, దాని మీంచి వేలాడే జారుడు తాళ్లు. చేతికి గ్లవ్స్ వేసుకుని తాడు పట్టుకుని నిలబడాలి, బోటుకి మాత్రం ముడి వేయకూడదు. కింద నీళ్లు సుడులు తిరుగుతూ ఉంటే ఆ గోడ నెమ్మదిగా కిందికి దిగిపోతున్నట్టుంటుంది, చూస్తుండగానే తల గట్టు దాకా వచ్చేస్తుంది. పదేళ్ల పిల్లాడికి ఏ మ్యూజియమూ ఇది ఇవ్వలేదు. బయట గాలి ఎంతున్నా ఇక్కడ అలలుండవు కాబట్టి ఎవరికీ కడుపులో తిప్పదు. కాకపోతే మొదలుపెట్టాక మధ్యలో ఆగడానికి లేదు, ఐదూ దాటాల్సిందే, అందుకని అన్నయ్యో వదినో కారు తీసుకుని పై చివర ఎదురు చూడాలి. న్యూయార్క్‌లో 12 ఏళ్ల లోపు పిల్లలు కదిలే బోటు మీద, మూసి ఉన్న క్యాబిన్‌లో తప్ప, లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, వాళ్ల సైజువి ముందే కొనిపెట్టండి. బోటుకీ గోడకీ మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదని ఎక్కేముందు ఒకసారి, లాకులోకి దూరేముందు ఇంకోసారి చెప్పండి. అరవాల్సిన పని ఉండదు.

ఇక మీ అసలు భయం, జూన్ 10కి న్యూయార్క్ చేరతారా అని. అనాపొలిస్ నుంచి మామూలుగా అయితే వారంలో అయిపోయే దారే. అడ్డంకి న్యూజెర్సీ దక్షిణపు కొసనున్న కేప్ మే. అక్కణ్నుంచి న్యూజెర్సీ తీరం వెంట దాదాపు 110 మైళ్లు, మీలాంటి బోట్లు సముద్రంలోకి వెళ్లక తప్పదు. మంచి వాతావరణం కోసం అక్కడ రోజుల తరబడి కూచున్నవాళ్లు ఉంటారు. మీకు నాలుగు వారాలుంది కాబట్టి చేరే అవకాశమే ఎక్కువ. కానీ చేరకపోతే? జూన్ 9న కూడా మీరు కేప్ మేలోనే ఉంటే, బోటు దగ్గర మీవారిని ఉంచి మీరు బస్సెక్కి న్యూయార్క్ వెళ్లండి. అన్నయ్యతో, పిల్లలతో నాలుగు రోజులు మామూలు మనిషిలా తిరగండి. వాటర్‌ఫర్డ్ పోతుంది, పిల్లలు నిరాశపడతారు, అది నిజమే. మీవారు ఒంటరిగా ఉంటారు, బహుశా దానికి సంతోషిస్తారు కూడా. అన్నయ్యకి మాత్రం ఈ మాట ఇప్పుడే చెప్పాలి, జూన్ 9న కాదు. ఇప్పుడు చెబితే అది ప్లాన్, అప్పుడు చెబితే మాట తప్పడం.

మామయ్యగారి విషయం వేరు. నయాగరా మీ దారిలో లేదు. మీరు ఈరీ కాలువలో సగం దాకా వెళ్లి ఆస్వీగో వైపు తిరిగి, అంటారియో సరస్సు దాటి, కెనడాలో ట్రెంట్-సెవర్న్ కాలువ పడతామని రాశారు. జలపాతం మీదుగా ఏ బోటూ వెళ్లదు, ఓడలు సైతం పక్కనున్న వెలండ్ కాలువలో ఎనిమిది లాకులు ఎక్కి దిగి పోతాయి. నయాగరాని బోటులోంచి చూడటమంటే అక్కడి టూరిస్టు బోటెక్కి జలపాతం కిందికి వెళ్లి తడిసి రావడమే. దానికి మీ బోటుతో పని లేదు. ఆడపడుచు కారులో తీసుకెళ్లొచ్చు. ఏప్రిల్ గొడవ తర్వాత ఈ పని తనకి అప్పగించడం ఇబ్బందే అనుకుంటారేమో, నాకైతే అడగడమే మంచిదనిపిస్తుంది. నాన్నని నయాగరాకి తీసుకెళ్లే అవకాశం ఏ కూతురు వద్దంటుంది?

ఆగస్టు మొదట్లో మీరు బహుశా కెనడాలోనే ఉంటారు. అక్కడికే వాళ్లని రప్పించుకోవాలంటే, భారత పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్లకి అమెరికా వీసా ఉంటే సరిపోదు, కెనడా వీసా విడిగా తీసుకోవాలి, తిరిగి అమెరికా రావడానికి వాళ్ల వీసా పనికొస్తుందో లేదో కూడా చూసుకోవాలి. అవన్నీ కుదిరి, మీరు కాలువలో మెల్లగా వెళ్తూ ఉంటే పీటర్‌బరోలో కలవడం బావుంటుంది. 1904 నాటి లిఫ్ట్ లాకు అది, నీళ్లతో నిండిన పెద్ద తొట్టిలో బోటుని అలాగే 65 అడుగులు పైకెత్తుతుంది. అత్తయ్యగారు బోటెక్కకుండా గట్టు మీద బెంచీలో కూచుని చూడొచ్చు. టొరంటోలో దిగితే నయాగరా, ఇదీ రెండూ కారులో అయిపోతాయి. కానీ వీసా కోసం తిరగడం, ఇంకో విమానం, మోకాళ్ల నొప్పితో అంత తిప్పడం మీరు ఆలోచించుకోండి. తేదీ మళ్లీ మీ మెడకి చుట్టుకుంటుంది కూడా.

నాకు చికాగోనే మేలనిపిస్తోంది. ఆగస్టు చివరో, సెప్టెంబర్ మొదటి వారమో. మిషిగన్ సరస్సులో గాలి లేస్తే అలలు చాలా చెడ్డగా ఉంటాయి, కానీ మిషిగన్ తీరం పొడవునా ఇంచుమించు 30 మైళ్లకి ఒకటి చొప్పున తలదాచుకునే హార్బర్లున్నాయి, కాబట్టి ఆగుతూ ఆగుతూ దిగొచ్చు. మీరు చికాగో చేరి, బోటు కట్టేసి, బట్టలు ఉతుక్కుని, ఒక రోజు నిద్రపోయాక అప్పుడు వాళ్లకి టికెట్లు కొనండి. ఆఖరి నిమిషంలో కాస్త ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, ఆ తేడా మీరు భరించండి, చార్ల్‌స్టన్ లాంటి రోజు కంటే అది చవకే. వాళ్లు వచ్చాక ఒక పొద్దున, నదిలో టూరిస్టు బోట్లు మొదలవక ముందు, సరస్సులోంచి లాకు దాటి చికాగో నదిలోకి ఒక గంట తిప్పండి. రెండు పక్కలా ఆకాశాన్నంటే భవనాలు, కింద అల లేని నీళ్లు. 1900లో ఈ నదిని వెనక్కి తిప్పారు, సరస్సులోకి పోయే నీళ్లు ఇప్పుడు సరస్సులోంచి బయటికి పోతున్నాయి అని మామయ్యగారికి చెప్పండి, ఆయన ఇంటికెళ్లాక అందరికీ చెబుతారు. బోటు అంచుకి, డాక్‌కి ఎత్తు తేడా లేకుండా తేలే డాక్ ఉన్న చోటే అడగండి, మెట్టు పీట ఒకటి పెట్టుకోండి. అత్తయ్యగారు రానంటే బలవంతపెట్టొద్దు. కడుపులో తిప్పకుండా మాత్ర ఇద్దామనుకుంటే, పెద్దవాళ్లకి మత్తు ఎక్కువ చేస్తుంది, గ్లాకోమా, ప్రోస్టేట్ లాంటివి ఉంటే అసలు పడకపోవచ్చు, వాళ్ల డాక్టర్ని అడిగాకే ఇవ్వండి.

ఇక మీరూ మీవారూ. చుట్టాలు బోటులో ఉన్నప్పుడు "కదలొద్దు" అని ప్రతిసారీ ఆయనే చెప్పాల్సి వస్తే ప్రతిసారీ ఆయనే చెడ్డవాడవుతాడు, మీరు మంచివాళ్లవుతారు. ఇద్దరూ కూచుని చుట్టాలు లేని రోజున ఒక గీత గీసుకోండి, గాలి ఇంత దాటినా, అలలు ఇంత ఎత్తున్నా చుట్టాలతో కదలం అని. వాళ్లకి బోటు కొత్త కాబట్టి మీరిద్దరే ఉన్నప్పటి హద్దు కంటే తక్కువే పెట్టుకోండి. ముందు రోజు సాయంత్రం నోవా (అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చే వాతావరణ సూచన విని, అప్పుడే నిర్ణయించి, ఆ మాట అందరికీ మీరు చెప్పండి, ఆయన కాదు. మీ వైపు చుట్టాలకైతే మరీను. దీనివల్ల ఒకటి రెండు మంచి రోజులు అనవసరంగా పోతాయి, సూచన చెప్పినంత గాలి రాదు, "అనవసరంగా ఆగామే" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. ఇంకోటి, ఒడ్డుకి చేరిన రోజు చుట్టాలకి సెలవు, మీకు మాత్రం ఉతుకుడు, సరుకులు, ఇంజన్ ఆయిలు. వాళ్లు రావడానికి రెండు రోజుల ముందే మీరు అక్కడ ఉండకపోతే, అందరూ ఊరు చూస్తుంటే మీరు లాండ్రీ మెషిన్ ముందు కూచుంటారు, అక్కణ్నుంచే సగం చిరాకులు మొదలవుతాయి.

ఇవాళ చేయాల్సినవి రెండు ఫోన్లు. మొదటిది మామయ్యగారికి, ఎందుకంటే కెనడా వీసానా చికాగోనా అన్నది ఆయనే తేల్చాలి, వీసా అయితే ఇప్పుడే మొదలుపెట్టాలి. బోటులోంచి నయాగరా కుదరదన్న మాట మీవారు చెబితే బావుంటుంది, కొడుకు నోట వింటే ఆయనకి పట్టింపు ఉండదు. రెండోది అన్నయ్యకి, అది మీరే: "తేదీ నీదే, మార్చక్కర్లేదు, హోటల్ మాత్రం గ్రాండ్ సెంట్రల్‌కి దగ్గర్లో తీసుకో. ఏ స్టేషన్లో దిగాలో జూన్ 3న చెబుతాను. మేం రాలేకపోతే నేనొక్కదాన్నే వస్తాను." ఆయన కాసేపు గొణుగుతారు. టికెట్లు వృథా కావడం లేదని అర్థమయ్యాక సర్దుకుంటారు.